గొర్రెల నడకకు సరిపడే చక్రం

గొర్రెలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో వెనక్కి తిరిగి చూడకుండానే తెలుస్తుంది. సరిగ్గా నడిచేటప్పుడు వాటి మూతులు నేల మీదే ఉంటాయి. రెండడుగులు వేస్తాయి, ఒక పరక కొరుకుతాయి, మళ్ళీ రెండడుగులు వేస్తాయి. ఆ కొరికే చప్పుడు మంద మొత్తం నుంచి కలిసి వస్తుంది, ఎండుటాకుల మీద సన్నటి వాన పడ్డట్టు. అది ఆగిపోయి గిట్టల చప్పుడు మొదలైందంటే ముందున్న మనిషి నడక తప్పాడన్నమాట.

మాది మోతె దగ్గర పల్లె. ఐదో తరగతితో బడి మానేసి మా నాయన వెనక మందలో కలిశాను. అప్పటి నుంచి చేసింది ఈ పని ఒక్కటే. రాయడం అలవాటు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నాకు బాగా తెలిసిన గొర్రెల నడక దగ్గర మొదలుపెట్టాను.

కోతలు అయిపోగానే మేము మందను తీసుకుని కాల్వ కింది ఊళ్ళకు పోతాం. అక్కడి రైతులు రాత్రిపూట మందను తమ పొలంలో పడుకోబెట్టించుకుంటారు. గొర్రెల ఎరువు పొలానికి బలం. అందుకు వాళ్ళు మాకు వడ్లు ఇస్తారు. పగలు కోసిన మళ్ళలో గొర్రెలకు మేత దొరుకుతుంది. ఏటా మొదట మాడుగులపల్లి దగ్గర ఒక రైతు పొలంలో దిగుతాం. అక్కడికి విజయవాడ రోడ్డు దాటి, మూసీ దాటి నడిచి పోవాలి. ముందు నేను, వెనక కర్ర పట్టుకుని నా భార్య. మూడో మనిషి లేడు. మా గొర్రెలు తోలితే నడిచేవి కావు, పిలిస్తే వచ్చేవి. ముందు నేను లేకపోతే కదలవు.

పోయిన వానాకాలం చివర్లో నా కుడి మోకాలు చెడిపోయింది. మొదట వాపు వచ్చింది. తర్వాత కూర్చుంటే లేవలేకపోయాను. సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ ఫొటో తీయించి చూసి, లోపల గుజ్జు అరిగిపోయింది, ఎక్కువ నడవొద్దు అని చెప్పింది. ఎంత నడవొచ్చమ్మా అని అడిగాను. ఇంట్లో తిరిగేంత, అంది. ఏం పని చేస్తావని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా భార్య కిటికీ వైపు చూస్తూనే మాట తీసింది.

"అమ్ముదాం."

"ఏంది అమ్ముడు?"

"గొర్లను. అంగడికి కొట్టుకపోదాం. నువ్వు నడవనంక అవి యాడికి పోతయ్?"

"సగానికి ఎక్కువ సూడియే ఉన్నయ్. సూడి గొర్రెను ఎవలన్న అమ్ముతరా?"

"అట్లయితే నడువు. నేను వద్దంటున్ననా?"

సూడి గొర్రెలంటే కడుపుతో ఉన్నవి. వాటిని కోతకు అమ్మడం మా ఇళ్ళల్లో చేయరు. నేను ఆ మాట చెప్పి ఊరుకున్నాను గానీ అసలు భయం అది కాదు. మంద లేకపోతే పొద్దున లేచి ఎటు పోవాలో నాకు తెలియదు. ఇంటి ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చునే మగవాళ్ళు మా వాడలో ఉన్నారు. వాళ్ళు తొందరగా ముసలివాళ్ళు అయ్యారు. ఆ కుర్చీ నా కళ్ళ ముందు కనిపించింది. అది ఆమెకు చెప్పలేకపోయాను.

ఆమె తమ్ముడు, అంటే నా బామ్మర్ది, కోదాడలో ఉంటాడు. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగ్ షాపు వాడిది. చాలా ఏళ్ళు అక్కడే ఉండి వాడి మాట ఆంధ్రా వైపు తిరిగింది. నా భార్య వెక్కిరిస్తూనే ఉంటుంది. ఆమె ఫోన్‌లో ఏం చెప్పిందో ఏమో, ఒక రోజు పెద్ద అట్టపెట్టెతో ఆటో దిగాడు.

"బావా, నీ పాత సైకిల్ ఉందా, ఇనుప సామానోడికి వేశావా?"

"ఉన్నది. గొర్ల కొట్టంల ఉన్నది. ఎందుకురా?"

"దానికి ఈ మోటారు కడితే నువ్వు తొక్కేదేం ఉండదు. ఊరికే కాళ్ళు తిప్పుతా ఉంటే సరిపోద్ది. లాగేదంతా మోటారే లాగుద్ది."

"మోకాలు?"

"మోకాలికి సెలవిచ్చెయ్."

నా భార్య వాకిలి ఊడుస్తూ తల ఎత్తకుండా అంది. "గొర్లకు గూడ తలా ఒక మోటర్ తెచ్చినవా తమ్మీ?"

"ముందు బావని లేవనీ అక్కా. గొర్రెల సంగతి తర్వాత చూద్దాం."

పెడళ్ళ మధ్య ఉండే ఇరుసు విప్పి ఆ చోట మోటారు దూర్చాడు. దాని కుడి పక్కన పళ్ళున్న చక్రాన్ని ఐదు బోల్టులతో బిగించాడు. దాన్ని చైన్ వీల్ అంటారట. దానికి నలభై నాలుగు పళ్ళు ఉన్నాయి. మోటారు ఆ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం చైనును లాగుతుంది, చైను వెనక టైరును తిప్పుతుంది. బ్యాటరీ సీటు కింది గొట్టానికి కట్టాడు. అప్పుడు ఇవేవీ నాకు పట్టలేదు. ఎక్కి కూర్చుని కాళ్ళు తిప్పగానే సైకిల్ తనంత తాను ముందుకు పోయింది. మోకాలు నొప్పి పెట్టలేదు. చెరువు దాకా పోయి వచ్చాను. దారిలో ఎవరో "ఏం మామా, బండి కొన్నవా?" అని అడిగితే చెయ్యి ఊపాను. ఆ ఒక్క సాయంత్రం బాగుంది.

మర్నాడు మందను విప్పి సైకిల్ మీద ముందు బయల్దేరాను. పిలిచాను. మెడకు గంట కట్టిన పెద్ద పొట్టేలు నా వెనక వచ్చింది. దాని వెనక మంద కదిలింది. కొంచెం దూరం పోయామో లేదో నా వెనక గిట్టల చప్పుడు. తిరిగి చూస్తే మంద మొత్తం పరిగెత్తుతోంది.

తప్పు గొర్రెలది కాదు. నేను మామూలు కంటే పెద్ద అడుగు వేశానంటే ముందు నీళ్ళున్నాయనో, కోసిన కంది చేను ఉందనో వాటికి గుర్తు. మా నాయన కాలం నుంచి మందకు అదే అలవాటు. తల్లిని చూసి పిల్ల నేర్చుకుంటుంది. సైకిల్ ఎంత మెల్లగా పోయినా ఆ పెద్ద అడుగు కంటే వేగమే. మెల్లగా పోనిస్తే మోటారు మూలుగుతుంది, కాసేపటికి వేడెక్కి ఆగిపోతుంది. పోనీ ఆగి ఆగి పోదామంటే, ఆగినప్పుడల్లా గొర్రెలు పక్క చేలో పడతాయి. మళ్ళీ కదిలినప్పుడు సైకిల్ ఒక్క ఊపున ముందుకు దూకుతుంది. దాన్ని చూసి అవీ దూకుతాయి.

నిండు సూడి గొర్రె పరిగెత్తకూడదు. అది మాకు చిన్నప్పుడే చెప్పే మొదటి మాట. కడుపులో పిల్ల నిలవదు.

బామ్మర్దికి ఫోన్ చేశాను.

"గొర్లు ఉరుకుతున్నయ్‌రా. మెల్లగ పోదామంటే మోటర్ బందయితుంది."

"వేడెక్కుతుందా?"

"చెయ్యి పెట్టనిస్తలేదు."

"అంటే తాకత్ సాలట్లేదు బావా. సైకిల్ తీసుకుని కోదాడ రా. పెద్ద చైన్ వీల్ వేద్దాం."

కోదాడ దాకా ఆ సైకిల్ మీదే పోయాను. గొర్రెలు వెనక లేకపోతే అది బాగానే పోతుంది. వాడి షాపు నిండా విప్పిన మోటార్లు, రాగి తీగ చుట్టలు. వాడు ఒక పాత స్పోర్ట్స్ సైకిల్ చైన్ వీల్ సంపాదించి, పక్క లేత్ షాపులో ఐదు తూట్లు కొట్టించి పెట్టాడు. నా చేతిలో పెడితే చిన్న పళ్ళెమంత ఉంది.

"ఇంత పెద్దది ఎందుకురా?"

"పిండిమర చూళ్ళేదా బావా నువ్వు? మోటారుకి ఇంత చిన్న పుల్లీ, మరకి అంత పెద్ద పుల్లీ. ఆ పెద్దది ఉండబట్టే మర బరువు లాగుద్ది. చిన్నది పెట్టి చూడు, బెల్టు జారిపోద్ది. ఇదీ అంతే. చక్రం పెద్దదయ్యేకొద్దీ బలం."

పిండిమర నేను చూశాను. వాడు చెప్పింది నిజమే అనిపించింది, తల ఊపాను. రోజూ మోటార్లతో పని చేసేవాడు చెబుతున్నాడు, నేను ఏం ఎదురు చెప్పగలను. మా సైకిల్‌లో ఆ చక్రం ఉన్నది మోటారు పక్కనా, మర పక్కనా అని వాడూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. చైనుకు ఇంకొన్ని లింకులు కలిపి బిగించి పంపాడు. తిరిగి వచ్చేటప్పుడు గాలి చెవుల్లో హోరు పెట్టింది. బలం పెరిగింది కాబట్టే ఇంత జోరుగా పోతోందని అనుకుంటూ వచ్చాను.

తర్వాతి రోజుల్లో మంద ఇంకా జోరుగా పరిగెత్తింది. మోటారు ఇంకా తొందరగా వేడెక్కింది. అలవాటైతే గొర్రెలే సర్దుకుంటాయని నాకు నేను చెప్పుకున్నాను. ఒక పొద్దున నా భార్య కొట్టంలోంచి పిలిచింది. గట్టిగా కూడా పిలవలేదు. పోయి చూస్తే మూడు ఈతలు ఈనిన మా మంచి గొర్రె ఒకటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దాని కాళ్ళ దగ్గర నెలలు నిండని పిల్ల. వెంట్రుక కూడా సరిగా రాలేదు. గొర్రె దాన్ని నాకుతోంది. అది కదలకపోయినా నాకుతోంది.

నా భార్య పాత గోనెసంచి తెచ్చి పిల్లను అందులో పెట్టుకుంది. బయటికి తీసుకుపోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంకెన్నిటిని ఈసుకపోనిస్తవ్ అయ్యా?"

నెలలు నిండకుండా ఈనడాన్ని మేము ఈసుకపోవడం అంటాం. ఆ రోజు మందను పొలానికి తీసుకుపోలేదు. కొట్టంలోనే కోసుకొచ్చిన గడ్డి వేశాం. తల్లి గొర్రె సాయంత్రం దాకా గోనెసంచి పోయిన వైపే చూస్తూ అరిచింది.

మర్నాడు బువ్వ పెడుతూ నా భార్య చెప్పింది. "బేరగాన్ని మాడుగులపల్లికి రమ్మన్న."

"నన్ను అడగకుంటనా?"

"అడిగితే ఏమంటవో నాకు ఎరుకే. మంద ఎట్ల నడిచి వస్తదో ఎనక నుంచి నేను సూస్త. రొప్పుకుంట వచ్చినయనుకో, గాడనే బండెక్కిస్త. మూతులు కిందికేసుకొని వచ్చినయనుకో, అప్పుడు మాట్లాడుదాం."

"సూడివి గూడనా?"

"ఉరికించి సంపుడుకంటే అమ్ముడు నయం కాదా?"

ఆమె కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

ఏటా కాల్వ కిందికి పోయినప్పుడు పని పడి మిర్యాలగూడ పోతుంటాను. అక్కడ రైస్ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు మోసే రిక్షాలు ఉండేవి. ఇప్పుడు తగ్గాయి గానీ ఇంకా కొన్ని ఉన్నాయి. మనిషి సీటు మీద నుంచి లేవకుండా, నడిచే మనిషి కంటే మెల్లగా, ఆ బరువును ఎత్తు మీదికి తొక్కుకుంటూ పోయేవాడు. ఎన్నోసార్లు పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చాను. గొర్రెలకు నీళ్ళు పెడుతూ సైకిల్ వైపు చూస్తుంటే ఆ రిక్షాలు గుర్తొచ్చాయి. వాటి ముందు చక్రం ఎంత ఉండేది? చిన్నగా ఉండేదని గుర్తు. కానీ బామ్మర్ది లెక్క ప్రకారం పెద్దగా ఉండాలి కదా. అక్కడ నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

రెండు చైన్ వీళ్ళూ సంచిలో వేసుకుని సూర్యాపేటలో బస్సు మారి మిర్యాలగూడ పోయాను. రిక్షాలు బాగుచేసే షాపు ఒకటి దొరికింది. మెకానిక్ నా వయసువాడే, నోట్లో తంబాకు. నేను చెప్పిందంతా విని పెద్ద చక్రాన్ని గోరుతో టింగుమని కొట్టాడు.

"ఎవడేసిండు నీకు ఇది?"

"మా బామ్మర్ది."

"నీ మీద ఏమన్న పగ ఉన్నదా వానికి?"

"లేదు. మంచోడే."

"గొర్లను ఉరుకుడు పందానికి తయార్ చేస్తున్నవ్ పెద్దమనిషి. ఇగ గిట్ల రా."

బోర్లా వేసి ఉన్న ఒక సైకిల్ దగ్గరికి తీసుకుపోయి పెడలు చేత్తో ఒక చుట్టు తిప్పాడు. వెనక టైరు చాలా చుట్లు తిరిగింది. తర్వాత ఒక రిక్షా దగ్గర అదే చేశాడు. టైరు కొంచెమే తిరిగి ఆగింది.

"సూసినవా? ముంగట పెద్దదుంటే దూరం ఉరుకుతది, బరువు గుంజది. చిన్నదుంటే మెల్లగ పోతది, గుంజుతది. నీ మోటర్ మూలుగుడు గందుకే."

"మరి పిండిమరకు పెద్ద పుల్లీ ఉంటది కదా?"

"మర దిక్కు ఉంటది. మోటర్ దిక్కు ఏముంటది?"

"చిన్నది."

"నీ సైకిల్‌కు మోటర్ దిక్కున్నది ఏంది?"

నేను సంచి వైపు చూశాను. పుల్లీ సంగతి బామ్మర్ది సరిగ్గానే చెప్పాడు, తిరగేసి బిగించాం. ఆ తిరగేయడానికి ఒక పిల్ల పోయింది. అక్కడే ఉన్న టైర్ల మీద కూర్చున్నాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయనకు గొర్రె సంగతి నేను చెప్పలేదు.

పాత రిక్షా చక్రం, ముప్పై రెండు పళ్ళది, వెతికి తీశాడు. నేను తెచ్చిన చక్రం కొలతతో మధ్యలో కోయించి, ఐదు తూట్లు కొట్టించి ఇచ్చాడు.

"నీ మోటర్ నేను సూడలేదు. సక్కగ కూసుంటదో లేదో నాకు తెల్వదు. గ్యారంటీ అడగకు."

ఇంటికి వచ్చి నేనే బిగించాను. నా భార్య సైకిల్ పట్టుకుంది. చైనులో లింకులు తీసేశాం. ఒక ఇబ్బంది వచ్చింది. మోటారు డబ్బా కడుపు కొంచెం ఉబ్బుగా ఉంటుంది. పెద్ద చక్రం దాన్ని లోపలికి ఇముడ్చుకునేది. చిన్న చక్రం ఇమడలేదు. డబ్బాకు బయటి పక్కన, వేలి మందం దూరంలో నిలబడింది. చైను వెనక్కి కొంచెం ఏటవాలుగా పోయింది.

అయినా ఎక్కి తొక్కాను. సైకిల్ నడిచింది. నిజంగా నడిచింది. మోటారు మూలగలేదు, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. సాయంత్రం మందను చెరువు వెనక్కి తీసుకుపోయాను. అంత మెల్లగా పోతే హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. కానీ మోటారు ఆగకుండా నెడుతుంటే పడిపోలేదు. వెనక కొరికే చప్పుడు వినబడింది. ఎన్నాళ్ళకో. వెనక్కి తిరిగి నా భార్య ముఖం చూద్దామనుకున్నాను, అంతలో టైరు గుంతలో పడింది, చైను ఊడింది.

ఎక్కించాను. మళ్ళీ ఒక గట్టు దగ్గర ఊడింది.

"రోడ్డు మీద ఊడితే?" అని ఆమె అడిగింది.

"చైన్ అరిగి కూసుంటే ఊడదేమో."

"ఏమో అంటే ఎట్ల?"

బామ్మర్దికి ఫోన్ చేస్తే మొదట అలిగాడు. "రిక్షా వాడి మాట విన్నావు, నన్ను మళ్ళీ అడగలేదు." తర్వాత కొంచెం మెత్తబడి, "చైను వంకర పోతున్నట్టుంది బావా. నాలుగు రోజులు ఆగు, నేనొచ్చి చూస్తా," అన్నాడు. ఆగడానికి లేదు. మాడుగులపల్లి రైతు దుక్కికి ముందే మందను పెట్టించుకోవాలి. మేము పోకపోతే ఇంకో మందను పిలుస్తాడు. అక్కడ మేత ఉంది, ఇక్కడ అయిపోయింది. బయల్దేరాం.

విజయవాడ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి పొద్దెక్కింది. ఏటా దాటే చోటే, మధ్యలో దిమ్మెలు లేని సందు ఉంది. రెండు పక్కలా ఖాళీ చూసుకుని పిలిచాను. పొట్టేలు నా వెనక అడుగుపెట్టింది, మంద తారు మీదికి వచ్చింది. మొదటి సగం దాటాం. మధ్యలో తారు ఎత్తుగా ఉన్న చోట టైరు ఎగిరింది, కాళ్ళ కింద బరువు పోయింది. పెడళ్ళు ఉత్తిగా తిరిగాయి. చైను వేలాడుతోంది.

సైకిల్ ఆగింది. నా వెనక పొట్టేలు ఆగింది. దాని వెనక మంద మొత్తం రోడ్డు మీద ఆగింది. అవతల పక్క నుంచి లారీ వస్తోంది.

"నడువయ్యా, నడువు," అని వెనక నుంచి నా భార్య అరుపు వినబడింది.

కుడి కాలు కింద పెట్టగానే మోకాలిలో కత్తి దిగినట్టయింది. సైకిల్ సీటును చంకలో కర్రలా పెట్టుకుని, దాని మీద బరువు వేసి కుంటుకుంటూ నడిచాను. పిలవాలి. పిలిచాను, అది నా గొంతులా లేదు. పొట్టేలు చెవులు నిక్కబొడుచుకుని చూసింది. గంట చప్పుడైంది. వచ్చింది. లారీ దూరంలోనే మెల్లగై ఆగింది, దాని వెనక ఇంకోటి ఆగింది. హారన్లు. నా భార్య చీర కొంగు ఊపుతూ వెనక వాటిని తోస్తోంది. చివరి గొర్రె దిగేసరికి నా చొక్కా తడిసిపోయింది.

లారీ డ్రైవర్ తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా, గొర్లకు సైకిల్ నేర్పిస్తున్నవా?" అని నవ్వుతూ పోయాడు. నాకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. ఆయన ఆగాడు, అది చాలు.

రోడ్డు దిగువన తుమ్మ చెట్ల దగ్గర మందను మళ్ళించి కూర్చున్నాం. నా భార్యే తమ్ముడికి ఫోన్ చేసింది. "నువ్వు కట్టిన మోటర్‌తోని మీ బావ లారీ కింద పడుతుండే. నాలుగు రోజులని చెప్పినవ్ కదా, ఆయన దినానికే రా." ఆ మాటకు వాడు షాపు మూసి అదే రోడ్డు మీద బైక్ వేసుకుని వచ్చాడు.

వచ్చీ రాగానే సైకిల్ వెనక నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి చైను వెంట చూశాడు.

"ముందు చక్రం బయటికి వచ్చింది. వెనకది లోపలుంది. రెండూ ఒక గీతలో లేవు బావా. వైండింగ్ షాపులో బెల్టు ఇట్టా ఉంటే ఒక్క గంట ఉండదు."

వెనక టైరు విప్పి, దాని పళ్ళ చక్రం ఊడదీసి, దాని వెనక పలచటి ఇనుప రింగులు రెండు వేసి మళ్ళీ బిగించాడు. అది బయటికి జరిగింది. చైను తిన్నగా నిలబడింది. లేచి చేతులకు అంటిన గ్రీజు ఇసుకతో తుడుచుకుంటూ చిన్న చక్రం వైపు చూశాడు.

"పుల్లీని తిరగేసి ఆలోచించా నేను."

"నేను గూడ తల ఊపిన కదరా."

"మోటార్లు చుట్టేది నేను కదా బావా."

నా భార్య సద్దిమూట విప్పి వాడికి ఇంత పెట్టింది. "తిను. ముఖం గట్ల పెట్టకు," అంది. ఆమె వాడిని అన్న మెత్తటి మాట ఆ రోజు అదొక్కటే.

తర్వాత చైను ఊడలేదు. మూసీ వంతెన మీద, కాల్వ కట్ట ఎక్కేటప్పుడు, సైకిల్ గొర్రె అడుగుతో సమానంగా పోయింది. పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్ళు ఆటోలోంచి, "ఏందే గిది, పంద్రాగస్టు స్లో సైకిల్ పోటీనా?" అని నవ్వారు. నేను హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయలేదు. మోకాలు నొప్పి లేదని కాదు. రోజంతా మడిచి తెరిస్తే అదీ వాచింది. నడిస్తే వచ్చే నొప్పి వేరు, ఇది వేరు, అంతే. సాయంత్రాలు దిగేటప్పుడు నా భార్య హ్యాండిల్ పట్టుకునేది. మంద నడక చూసి ఆమె ఏం తేల్చుకుందో నాకు తెలియదు.

మాడుగులపల్లి పొలానికి చేరేసరికి బేరగాడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మేము రావడం దూరం నుంచే చూసినట్టున్నాడు. లేచి మందలోకి వచ్చి ఒకటి రెండు గొర్రెల నడుం నొక్కి చూశాడు.

"మంచిగనే ఉన్నయ్ అక్కా. రొప్పుతలేవు. రేపు పొద్దుగాల బండి తేనా?"

నా భార్య సూడి గొర్రెల మధ్యకు పోయి ఒక్కొక్క దాని పొట్ట కింద చెయ్యి పెట్టింది. లోపల పిల్ల కదులుతుందేమో అని అలా చూస్తాం. పెట్టి, కాసేపు ఆగి, ఇంకో దాని దగ్గరికి పోయింది. బేరగాడు బీడీ ముట్టించాడు. నేను సైకిల్ మీద నుంచి దిగకుండా ఒక కాలు గట్టు మీద ఆనించి ఉన్నాను. దిగితే లేవలేనని తెలుసు.

"ఈనినంక రా తమ్మీ," అంది ఆమె చివరికి.

"అప్పటికి ఇంత గిరాకీ ఉండదు అక్కా."

"లేకపోతే లేకపాయె."

"బావ గట్లనే సైకిల్ తొక్కుతడా ఎల్లకాలం?"

"ఎల్లకాలం సంగతి నాకేం ఎరుక. ఇప్పటికయితే తొక్కుతుండు."

అతను నా వైపు ఒకసారి చూసి బైక్ ఎక్కి వెళ్ళిపోయాడు. నేను దిగి గట్టు మీద కూర్చున్నాను. బ్యాటరీ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. పొలంలో బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఒకటే ఉంది, ప్లగ్గు పెట్టే చోటు లేదు. ప్లగ్గు ఉన్నది రైతు ఇంట్లో, ఊళ్ళో. నా భార్య సైకిల్‌కు కట్టిన పట్టీ విప్పి బ్యాటరీ తీసింది. తల మీద చుట్టకుదురు పెట్టుకుని దాని మీద బ్యాటరీ ఎత్తుకుంది.

"పైలం. గా గొర్రె పక్కకు పడుకున్నది సూడు," అని చెప్పి ఊరి వైపు నడిచింది.

చూశాను. నిండు సూడిది ఒకటి మందకు దూరంగా, మెడ చాపి పడుకుని ఉంది. అలసి పడుకున్నదైతే నెమరు వేస్తుంది. వేరే ఏదైనా అయితే వేయదు. లేచి దగ్గరికి పోవాలనుకున్నాను, మోకాలు బిగుసుకుపోయింది. చేతుల మీద బరువు వేసి ప్రయత్నించాను, కాలేదు. కూర్చున్న చోటు నుంచే దాని దవడ వైపు చూస్తూ ఉన్నాను. ఎండ దిగుతోంది. మిగతా గొర్రెలు మడి అవతలికి పోతున్నాయి, అది తల తిప్పలేదు.

చాలాసేపటికి దాని దవడ కదిలింది. ఒక పక్కకు, మళ్ళీ ఇంకో పక్కకు.